తాతబండికి కొత్త ముక్కు

గాలి నెల 2

ఈ పుస్తకం మొదటి పేజీలో ‘బండి ప్రయాణ వివరములు మాత్రమే వ్రాయవలెను’ అని అచ్చు వేసి ఉంది. వివరాలే రాస్తాను. కాకపోతే నా పద్ధతిలో రాస్తాను. పైనుంచి దిగివచ్చి చదివేవాళ్ళు ఎటూ లేరు.

నేను ఎస్తేరును. ఇప్పలోయ ఆరోగ్య కేంద్రానికి నర్సును, మంత్రసానిని, ఊడ్చి తుడిచేదాన్ని కూడా.

ఈరోజు దుమ్ము రేపే ఎర్రగాలి పది గంటలకే లేచింది. లేవగానే బ్యాటరీ వ్యాను తనంతట తానే తలుపులు బిగించుకుని, ‘మీ క్షేమం కోసం ప్రయాణం నిలిపివేశాము’ అని తియ్యగా చెప్పి కళ్ళు మూసుకుంది. సాయంత్రం గాలి పడేదాకా కాళ్ళమీద పడినా కదలదు. మందులు తెచ్చే ఎగురుడు డబ్బాలూ అంతే. వాటికి తెలివి ఎక్కువ. ఊరంతటికీ తెలివి లేని వాహనం తాతబండి ఒక్కటే. దుమ్ములోకి రమ్మంటే వస్తుంది. కొండ ఎక్కలేక చస్తుంది, అది వేరే సంగతి.

తాతబండి కానుగనూనెతో నడిచే పాతకాలపు కారు. ఉసేనక్కది. ఉసేనక్క వృత్తి పరుపులు కుట్టడం. దూదేకే విల్లు వాళ్ళ తాతది, బండీ ఆయనదే. రెండింటినీ ఆమె ఒకే తీరుగా తుడుస్తుంది.

మధ్యాహ్నం ఒక జ్వరం మనిషిని కొండమీద ఉన్న పై ఆసుపత్రికి తీసుకెళ్ళాం. లోయ కల్వర్టు నుంచి ఆసుపత్రి గేటు దాకా అరవై మూడు నిమిషాలు. దారిలో రెండుసార్లు ఆగింది. వెనక నల్లపొగ ఎంత వచ్చిందంటే, రోగి లేచి కూర్చుని ‘నేను నడిచొస్తాను’ అన్నాడు.

గాలి నెల 3

ఓబులమ్మను చూడడానికి వెళ్ళాను. కాన్పు తేదీ ఇరవై నాలుగు.

రెండేళ్ళ కిందట ఇదే నెలలో ఆమెకు మొదటి కాన్పు. అప్పుడూ తాతబండే. పదకొండో మలుపులో ఊపిరాడక ఆగిపోయింది. పైకి చేరేసరికి కడుపు కోసి తల్లిని కాపాడారు. బిడ్డ దక్కలేదు. బండిలో ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నది నేనే.

ఇప్పుడు ఆ పాత కుట్టు ఉంది. నొప్పులు పెరిగితే అది చిట్లవచ్చు. అందుకే మొదలైన గంటన్నరలోపు పైన డాక్టరు చేతిలో ఉండాలి. ముందే చేర్చుకోండయ్యా అంటే, ఇరవై రెండు దాకా మంచం లేదన్నారు. గాలి నెలలో దగ్గు రోగులతో వరండా కూడా నిండిపోతుంది. పైన ఆమెకు నా అన్నవాళ్ళు లేరు. ఇరవై రెండున పొద్దున్నే గాలి లేవకముందు వ్యానులో పంపితే ఏ గొడవా లేదు. కానీ బిడ్డలు తేదీ చూసుకుని రారు.

ఓబులమ్మ మంచం కింద పెట్టె తీసి, కూర్చోమని నాకు దుప్పటి ఇచ్చేటప్పుడు అందులో నీలిచారల చిన్న పరుపు కనిపించింది. ఆ బిడ్డ కోసం ఉసేనక్క కుట్టినదే. ఒక్క మరక లేదు. నేను చూడనట్టు దుప్పటి పరుచుకున్నాను.

అక్కడినుంచి నేరుగా ఉసేనక్క ఇంటికి పోయాను.

“అక్కా, బండి గంటలోపు ఎక్కాల. ఎట్లన్నా చెయ్యి.”

ఆమె దూది పక్కన పెట్టి బానెట్టు ఎత్తింది. ఇంజనుకు గాలి పీల్చే డబ్బా విప్పితే లోపల కాగితం ఫిల్టరు. ఇప్పుడు ఎవరూ చెయ్యరు అలాంటివి. పదేళ్ళుగా దాన్నే దులిపి దులిపి వాడుతోంది. కాగితం కాస్తా రొట్టె పెంకులా గట్టిపడింది.

“పాపం ముసిలోడు, ముక్కు మూసుకుపోయి సస్తాండాడు మే,” అంది ఉసేనక్క. “మనం కాళ్ళ మింద కొడతాంటిమి.”

గాలి నెల 5

ఉసేనక్క ఆ డబ్బా మొత్తం పీకి పారేసింది. గొట్టానికి నోరు తెరిచి వదిలి, రాళ్ళు పోకుండా టీ వడగట్టే జల్లెడ కట్టింది.

పరీక్షకు నేను షరతులు పెట్టాను. రెండు బస్తాల కానుగ గింజలు, నేను, ఆమె. మధ్యాహ్నం రెండింటికి కల్వర్టు దగ్గర మొదలు, ఆసుపత్రి గేటు దగ్గర ఆఖరు. నాడి ఒక్కసారి చూసి రోగం చెప్పకూడదు, అలాగే బండి కూడా. పనికొచ్చేలా కనిపిస్తే మూడుసార్లు ఎక్కి చూడాలి.

బండి బయల్దేరగానే జనం తలుపులు తీసుకుని బయటికి వచ్చారు. అంత మోత! పులి గాండ్రించినట్టు ఉంది. దుమ్ములోనే నిలబడి చప్పట్లు కొట్టారు. ఉసేనక్క స్టీరింగు మీద వేళ్ళతో దరువు వేస్తూ నడిపింది.

“సూస్తివా ఎస్తేరూ, యెట్ల ఎగిరిందో!”

గడియారం చూపించాను. అరవై నాలుగు నిమిషాలు. ముందుకంటే ఒకటి ఎక్కువ.

“నీ గడియారానికి దుమ్ము పట్టింటాది,” అంది.

ఏమీ లేని విస్తరి ఎగిరెగిరి పడుతుందని ఊరికే అన్నారా? నా సంచిలోంచి తెల్ల గాజుగుడ్డ తీసి గొట్టం లోపల తిప్పి ఆమె చేతిలో పెట్టాను. కుంకుమంత ఎర్రగా వచ్చింది. ఆ దుమ్మంతా ఇంజను మింగుతోందన్నమాట.

ఉసేనక్కలో నాకు నచ్చేది ఇదే. మాట ఒప్పుకోదు గానీ, కారణం కనిపిస్తే మాత్రం క్షణంలో దిగివస్తుంది. గొట్టం నోటి దగ్గర అరచెయ్యి పెట్టి చూసి, చటుక్కున వెనక్కి తీసుకుంది.

“యేడిగాలి పీలుస్తాండాది మే ఇది. పొయ్యి మింద మొగం పెట్టి ఊపిరి తీసుకోమంటే నువ్వు తీసుకుంటావా?”

అంటే ముక్కు ఇంజను పక్కన ఉండకూడదు. బయట, పైన, చల్లగా ఉండాలి.

గాలి నెల 8

ఇప్పుడు తాతబండికి నెత్తిమీద పాలక్యాను ఉంది. ఉసేనక్క క్యాను అడుగుకు చిల్లులు పొడిచి, బండి కప్పు మీద బోర్లా కట్టి, దాని నోటి నుంచి గొట్టం అద్దం పక్కగా ఇంజనులోకి దింపింది. మలుపుల్లో ఊగకుండా మూడువైపులా ఇనుప పట్టీలు. అతుకుల దగ్గర గాలి జొరబడకుండా సైకిలు ట్యూబు ముక్కలు. నేను వేలితో నొక్కి చూశాను, ఒక్కచోట కూడా వదులు లేదు. ఆ చేతులకు ఎవరైనా దండం పెట్టాల్సిందే.

క్యాను లోపల ఫిల్టరుకు బదులు దూది పెట్టింది. కొత్త దూది, మేలు రకం. ఈ గాలి వచ్చినప్పటినుంచి మా వైపు పత్తి పండదు. ఏడాదికి ఒక్క బేలు వస్తుంది, గాలి నెల దాటాక. అందులో మిగిలిన దాంట్లో సగం ఇందులోకే పోయింది.

రెండింటికి బయల్దేరాం. మోత లేదు. నాలుగో మలుపు దాకా ఏ శబ్దమూ లేదు. తర్వాత బండి కూడా లేదు. నల్లపొగ ఒకసారి కక్కి ఆగిపోయింది. అక్కడినుంచి బ్రేకు మీద కాలు పెట్టుకుని వెనక్కి జారుకుంటూ వచ్చాం.

ఇంటి దగ్గర క్యాను విప్పి నా పిడికిలి దూదిలో దింపబోయాను. దిగలేదు.

“అక్కా, ఇంత కుక్కితే గాలి ఎట్ల పోతాది?”

ఆమె ముఖం ఎర్రబడింది. “నా చేత్తో దూది తక్కువెయ్యమంటావా?”

వాళ్ళ ఇంట్లో ఒక ఆచారం ఉంది. పరుపు ఇచ్చేటప్పుడు, కొన్నవాళ్ళను పిడికిలి బిగించి నడిమధ్యన గుద్దమంటారు. పిడికిలి దిగిందంటే పరుపు వెనక్కి తీసుకుని మళ్ళీ కుట్టివ్వాలి. వాళ్ళ తాత కాలం నుంచి ఆ గడపలోకి ఒక్క పరుపూ వెనక్కి రాలేదు. దూది దాచుకున్న ఇంట్లో బరకత్ ఉండదని, ఏదీ కలిసిరాదని ఆమెకు ఉగ్గుపాలతో నేర్పారు. పాపం, ఆ నిజాయితీతోనే బండి గొంతు నొక్కేసింది.

నేను ఇంకో మాట అనబోతే తలుపు వేసుకుంది.

గాలి నెల 9

ఉసేనక్క తలుపు తీయలేదు. ఆమె ఇంటి ముందునుంచి రెండుసార్లు అనవసరంగా నడిచాను.

గాలి నెల 10

పొద్దున్నే తనే వచ్చింది. మూతి చుట్టూ గుండ్రంగా ఎర్రటి గుర్తు. కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి. ఎవరైనా కొట్టారేమోనని హడలిపోయాను.

“గొట్టానికి నోరు పెట్టి పీలుస్తాంటి,” అంది. “నిన్న పొద్దుగూకులూ. ఒక గుప్పెడు దూది తీసేది, పీల్చేది. ఇంగో గుప్పెడు తీసేది, పీల్చేది. నాకు ఆడితేనే గదా దానికి ఆడేది.”

ఇరవై ఎనిమిదేళ్ళుగా ఊపిరి సంగతి చూస్తున్నదాన్ని, ఈ ఆలోచన నాకు తట్టలేదు.

“తెల్సిందా మరి?” అన్నాను.

“తెల్సింది. ఇది పండుకునేకి గాదు, పీల్చేకి. పిడికిలి దిగాల.” ఆ చివరి మాట అనడానికి ఆమెకు ఎంత కష్టమైందో చూశాను. “దిగాల గానీ, దుమ్ము దాటగూడదు. దానికేం జెయ్యాల్నో సూపిస్తా రా.”

ఆ తర్వాత చూసింది ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ఉసేనక్క విల్లు దించి నారి మీటింది. దూది ఒక్కో పింజా విడిపోయి గాలిలో తేలి, నేలమీద వాలింది. దాన్ని పాత మల్లుగుడ్డ మీద పల్చగా పరిచింది. అవతల కిటికీ వెలుతురు కనిపించేంత పల్చగా. ఎక్కడా ఉండ లేదు, ఎక్కడా చిల్లి లేదు. పైన ఇంకో గుడ్డ కప్పి సన్నగా దూరం దూరంగా కుట్టింది. కానుగనూనెలో చెయ్యి తడిపి అలా పైపైన అద్దింది, దుమ్ము వచ్చి అంటుకోవడానికి. చివరికి ఆ గుడ్డనంతా చిన్నపిల్లల లంగాకు పెట్టినట్టు కుచ్చులు పెట్టి, గుండ్రంగా చుట్టి, లోపల జల్లెడ తీగ ఆనించి, క్యానులో దించింది. విప్పి పరిస్తే రెండు బారలు. మడిస్తే పాలక్యానులో సరిపోయింది.

“ముక్కు ఇరుకైతే మాత్రమేం, లోపల తావు పెద్దదుండాల,” అంది.

ఆమె చదువు నాలుగో తరగతి. నేను ఆ మాట పుస్తకంలో రాసుకున్నాను.

గాలి నెల 14

మూడు పరీక్షలూ అయిపోయాయి. అవే బస్తాలు, అదే వేళ, అదే దుమ్ము.

పన్నెండున నలభై ఏడు నిమిషాలు. పదమూడున నలభై ఆరు. ఈరోజు నలభై ఎనిమిది, కానీ దారిలో మేకలు అడ్డం వచ్చాయి.

మోత లేదు. నల్లపొగ లేదు. జనం బయటికి రాలేదు, చప్పట్లు లేవు. ఉసేనక్కకు అది కొంచెం లోటుగానే ఉంది. మూడుసార్లూ గొట్టంలో గాజుగుడ్డ తిప్పాను. మూడుసార్లూ తెల్లగా వచ్చింది. నేను మెచ్చుకోవడంలో పిసినారినని అందరూ అంటారు. అందుకే ఇక్కడ స్పష్టంగా రాస్తున్నాను: గాలి నెలలో, నిండు బరువుతో, ఈ కొండను ఇంత తొందరగా, ఇంత శుభ్రంగా ఎక్కిన బండిని నేను చూడలేదు. చేసింది పరుపులు కుట్టే మనిషి.

ఒక్క చిక్కు ఉంది. ఒక్కో ఫిల్టరు ఒక్క ఎక్కుడుకే. తర్వాత దుమ్ముతో బిగుసుకుపోతుంది. ఐదు చేసింది, పరీక్షలకు మూడు పోయాయి. రెండు మిగిలాయి. దూది అయిపోయింది. నాలుగో మలుపులో ఆగినప్పటి దూదంతా దుమ్ము పట్టి పాడైంది. ఆ రెండింటినీ ఆరోగ్య కేంద్రంలోనే ఉంచుదామన్నాను. అక్కడైతే దుమ్ము పడదు, చేతికి అందుబాటులో ఉంటాయి. ఒకటి ఓబులమ్మకు, ఒకటి అవసరానికి.

గాలి నెల 16

రాయడానికి చెయ్యి రావడం లేదు.

సాయంత్రం ఓబులమ్మ కాన్పు సంచి సిద్ధం చేస్తున్నాను. కాన్పుతో పాటు బయల్దేరే గుడ్డ ఏదైనా సరే ఉడికించాలి. అది నా ఇరవై ఎనిమిదేళ్ళ అలవాటు. చేతులు వాటంతట అవే పనిచేస్తాయి, బుర్ర ఎక్కడో ఉంటుంది. సంచిలోకి వెళ్ళేవన్నీ, అదే అరలో ఉన్నవన్నీ ఎత్తి, సోడా వేసి ఉడికించాను. మూత తీసి పటకారుతో ఒక్కొక్కటే ఎత్తుతుంటే జల్లెడ తీగ తగిలింది.

రెండు ఫిల్టర్లూ. దూది అంతా ముద్దలు ముద్దలుగా, ఉడికిన సగ్గుబియ్యంలా ఉంది.

నా శుభ్రం పాడుగాను! ఏడ్చుకుంటూ వెళ్ళి చెప్పాను. ఉసేనక్క ఆ ముద్దలను వేళ్ళతో విడదీసి చూసింది, వాసన చూసింది. తిట్టలేదు. తిడితే బాగుండు.

“నేను కుక్కి సంపితి, నువ్వు ఉడకబెట్టి సంపితివి. ఇద్దరం ఇద్దరమే లే. ఏడ్సద్దు. రేపు నా పరుపు ఇప్పదీసి ఏకుతా. యేండ్లు పండుకున్న దూది గదా, రాయి మాదిరి అయిపోయింటాది. యెండకేసి, కొట్టి, ఏకేకి రెండు దినాలు పడతాది. ఇంగా వారముంది.”

గాలి నెల 18, పై ఆసుపత్రి వరండా

నిన్నటి సంగతి ఈరోజు రాస్తున్నాను.

నిన్న మధ్యాహ్నం పన్నెండున్నరకు ఓబులమ్మ అత్త కంబమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. నొప్పులు. వారం ముందే. బయట ఎర్రగాలి నిండుగా కొడుతోంది. వ్యానును లేపబోయాను. ‘మీ క్షేమం కోసం’ అంది. దాన్ని చెప్పుతో కొట్టాను. ఇది ప్రయాణ వివరమే, అందుకే రాస్తున్నాను.

తాతబండి ఓబులమ్మ గుమ్మం ముందు ఆగింది. ఉసేనక్క చేతిలో ఖాళీ మల్లుగుడ్డ. పొద్దుటినుంచి తన పరుపు దూదిని కొడుతూనే ఉంది, నాలుగు గుప్పిళ్ళు కూడా విడలేదు. ఉట్టి గుడ్డతో పోదామని, దుమ్ము ఎంత పోతే అంత పోనీ అని నేను. ఉట్టి గుడ్డతో పోతే సగం కొండలో ఇంజను బిగుసుకుంటుందని ఆమె. ఊరంతా పరుపులే. కానీ అన్నీ మనుషులు పడుకున్నవి, బిగిసినవి.

ఓబులమ్మ గోడ పట్టుకుని నిలబడి మా వాదన వింది. నొప్పి ఒకటి వచ్చి పోయేదాకా ఆగింది. తర్వాత వంగలేక, కాలితో మంచం కింది పెట్టెను బయటికి లాగింది.

“పెద్దమ్మా, ఇది తీసుకో. దీని మింద యెవురూ పండుకోల్యా,” అంది ఉసేనక్కతో.

నీలిచారల చిన్న పరుపు.

కంబమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఉసేనక్క దాన్ని చేతుల్లోకి తీసుకుని కదలకుండా నిలబడింది. తను కుట్టిన పరుపును తను చింపడం ఆ ఇంటి చరిత్రలో లేదు.

“కొయ్యి పెద్దమ్మా,” అంది ఓబులమ్మ. “ఆ బిడ్డకు పనికిరాల్యా. ఈ బిడ్డకన్నా పనికి రానీ.”

నా కత్తెర ఇచ్చాను. కుట్టు తెగగానే దూది పొంగి బయటికి వచ్చింది. రెండేళ్ళైనా నిన్న ఏకినట్టే ఉంది. విల్లు తీసే పని లేకపోయింది. ఉసేనక్క పరిచింది, కంబమ్మ పట్టుకుంది, నేను కుట్టాను. గాయాలు కుట్టే చెయ్యి కదా, తొందరగానే అయింది. నూనె అద్దడం, కుచ్చులు, తీగ, క్యాను. మొత్తం పదకొండు నిమిషాలు.

బరువు తగ్గాలని కంబమ్మను ఇంట్లోనే ఉంచి, ఒంటిగంటకు రెండు నిమిషాల ముందు కల్వర్టు దాటాం. దుమ్ములో బండి ముందు భాగం కూడా కనబడడం లేదు. ఉసేనక్క దారిని చూసి నడపలేదు, మలుపులు లెక్కపెట్టుకుంటూ నడిపింది. ఐదు. ఆరు. ఓబులమ్మ గోళ్ళు నా మణికట్టులో దిగాయి. తొమ్మిది. పది. ఆ తర్వాత ఉసేనక్క లెక్క బయటికి చెప్పడం మానేసింది.

పదకొండో మలుపులో ముగ్గురం ఊపిరి బిగబట్టాం. బండి ఒక్కటే ఊపిరి తీసుకుంది. నెత్తిమీద క్యానులోంచి ఆ గాలి లోపలికి పోయే సన్నటి చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది. దగ్గలేదు. తడబడలేదు. మలుపు వెనక్కి వెళ్ళిపోయింది. ఉసేనక్క అప్పుడు బిగ్గరగా “పన్నెండు!” అంది. ఓబులమ్మ ఏడ్చింది. నేనూ ఏడ్చాను, రాయడానికి సిగ్గేమిటి?

గేటు దగ్గర నలభై తొమ్మిది నిమిషాలు. పాత కుట్టు అప్పటికే పల్చబడిపోయిందని, ఇంకో పావుగంట ఆలస్యమైతే చెప్పలేమని డాక్టరమ్మ తర్వాత అంది.

రెండూ పది నిమిషాలకు ఆడపిల్ల. రెండు కిలోల ఏడు వందలు. ఆ ఏడుపు విని ఉసేనక్క, “మన బండి మొదటి పరీక్షలో ఇట్లే అరిసిండె,” అంది.

ఈరోజు పొద్దున క్యాను విప్పాం. ఫిల్టరు బయటి పక్క ఇటుకలా ఎర్రగా ఉంది. కుచ్చులు విప్పితే లోపలి పక్క తెల్లగా, నిన్న నీలిచారల పరుపులో ఉన్నంత తెల్లగా. గొట్టంలో గాజుగుడ్డ తిప్పాను. తెలుపు.

“పాసా?” అని అడిగింది.

“పాసక్కా,” అన్నాను.

గాలి ఆగిన నాలుగో రోజు

దూది బేలు వచ్చింది. ఉసేనక్క మొదట ఇంకో పది ఫిల్టర్లు చేస్తుందనుకున్నాను. నా అలమారలో వాటికి వేరే అర కూడా కేటాయించి, ‘ఉడికించరాదు’ అని పెద్ద అక్షరాలతో రాసి అంటించాను.

కానీ సాయంత్రం నన్ను ఓబులమ్మ ఇంటికి రమ్మని కబురు. వెళ్ళేసరికి నీలిచారల గుడ్డతోనే, పాత కుట్ల గుర్తుల మీదే మళ్ళీ కుట్టిన చిన్న పరుపు మంచం మీద ఉంది. ఓబులమ్మ బిడ్డను భుజాన వేసుకుని నిలబడింది. ఉసేనక్క చేతులు కట్టుకుని నాకేసి చూసింది.

“గుద్దు మే ఎస్తేరూ. నువ్వే గదా అన్నిటినీ పరీచ్చ సేసేదానివి.”

పిడికిలి బిగించి, ఉన్న బలమంతా పెట్టి నడిమధ్యన గుద్దాను.

దిగలేదు.

ఓబులమ్మ వంగి బిడ్డను దానిమీద పడుకోబెట్టింది.